పదకొండో రీలు

ఆ వేసవిలో మందుల షాపాయనకి ఫోన్లో ఒక పాత సినిమా దొరికింది. వానలు మొదలయ్యేసరికి మా నాన్నకి ఉన్న ఒక్క స్నేహితుడూ లేకుండా పోయాడు.

నాన్న ఇరవై ఆరేళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేశాడు. హాలు ఇప్పుడు సిమెంటు గోడౌను. వీధిలో మాత్రం నాన్నని ఇప్పటికీ ఆపరేటర్ గారనే అంటారు. నేను ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తాను. ఉదయం ఆరింటికి వెళ్లి రెండింటికి వస్తాను. నాలుగింటికి నాన్న చొక్కా మార్చుకుని చిన్ననాటి స్నేహితుడు టైలర్ బాబాయి షాపుకి బయల్దేరేవాడు. చూపు ఆనదు కాబట్టి నేను తోడు వెళ్లేదాన్ని. దింపేసి వచ్చేద్దామనే వెళ్లేదాన్ని కానీ మాటల్లో పడి అక్కడే ఉండిపోయేదాన్ని.

షాపు ఒకటే గది. ముందు కటింగు బల్ల, వెనక రెండు మిషన్లు. ఒకదాని మీద టైలర్ బాబాయి, రెండోదాని మీద ఆయన తమ్ముడు. తమ్ముడికి యాభై ఎనిమిదేళ్లు. ఎడమకాలు ఈడుస్తాడు. అయినా బాబాయికి ఆయన చిన్నోడే, ఊరికీ చిన్నోడే. గోడ వారగా బెంచీ. దాని మీద నాన్న, మందుల షాపాయన, రిటైరైన డ్రాయింగు మాస్టారు.

ఆ బెంచీకి ఒక నియమం ఉండేది. ఎనభై ఐదులో వచ్చిన సినిమాల గురించే మాట్లాడాలి. వేరే ఏడాది సినిమా ఎత్తినవాడు అందరికీ టీ చెప్పాలి. ఎందుకు ఎనభై ఐదే అంటే తలా ఒక కారణం చెప్పేవారు. ఆ ఏడు మా హాలుకి నలభై ఒక్క సినిమాలు వచ్చాయి. అప్పటికి వీళ్లందరూ ముప్పై లోపువాళ్లు.

"ఆ ఏడే మా పెళ్లి కూడా అయింది. ఆ సంగతి ఎప్పుడైనా వస్తుందేమో కనుక్కో" అనేది అమ్మ.

"ఎందుకు గుర్తులేదు? గుర్రపుబండి సినిమా మూడో వారంలో కదా" అనేవాడు నాన్న.

ఏటా వేసవిలో ఒకరోజు ఓట్లు వేసేవారు. ఆ నలభై ఒక్కటిలో ఏది మొదటిది, ఏది రెండోది అని. మొదటిది ఎప్పుడూ ఒకటే. దానికి అసలు పేరు ఇంకోటి ఉంది, మా ఊళ్లో అందరూ కంచం సినిమా అంటారు. అన్న తమ్ముణ్ణి పెంచుతాడు. తమ్ముడు దొంగసంతకం పెట్టి దుకాణం అమ్మేస్తాడు. నేరం అన్న మీద పడుతుంది. అన్న జైలుకి వెళ్లి వస్తాడు. ఒకరోజు తమ్ముడు గుమ్మంలోకి వచ్చి, నేనే చేశానన్నా అంటాడు. అన్న చెయ్యి తలుపు మీద ఉంటుంది. ఆ వెంటనే తర్వాతి సీను. ఇద్దరూ ఒకే కంచం ముందు కూర్చుని ఉంటారు. అన్న కంచంలో సగం తమ్ముడి వైపు జరుపుతాడు. మాటల్లేవు. తమ్ముడు తినడు. అన్న లేచి కిటికీ మూస్తాడు. అయిపోతుంది.

తమ్ముడు ఎందుకు తినడు అన్నదాని మీద ముప్పై ఎనిమిదేళ్లుగా తగువు నడుస్తోంది.

"డైరెక్టరు మర్చిపోయాడండీ. ఆ యాక్టరు అప్పుడే టిఫిను చేసి వచ్చుంటాడు" అన్నాడు మందుల షాపాయన ఈసారి కూడా.

"మీ బుర్రకి మాత్రలు తప్ప ఏమీ ఎక్కవు" అన్నారు మాస్టారు. "సిగ్గయ్యా అది. సిగ్గుతో ముద్ద దిగలేదు."

"తిన్నాడు" అన్నాడు బాబాయి, కత్తెర ఆపకుండా. "కెమెరా కిటికీ వైపు తిరిగాక తిన్నాడు. మనకి కనపళ్లేదంతే."

ఈ ఒక్క ప్రశ్నకి నాన్న జవాబు చెప్పేవాడు కాదు. వింటూ నవ్వుకునేవాడు.

తర్వాత బాబాయి తన కథ చెప్పేవాడు. ఓట్ల రోజున అది చెప్పి తీరాలి. ఎనభై ఐదులో చిన్నోడు షాపులో మూడు మిషన్లూ అమ్మేసి పారిపోయాడు. కంచం సినిమా తొమ్మిదో వారంలో ఉండగా తిరిగొచ్చాడు.

"మధ్యాహ్నం ఆట చూసొచ్చా. ఆరోసారి. సాయంత్రం తలుపు తీస్తే వీడు. నా చెయ్యి ఇలా తలుపు మీదే ఉంది. ఆ సినిమా చూసి ఉండకపోతే ఆ రోజు వీణ్ణి నరికేసుందును. లోపలికి రమ్మని కంచం పెట్టా."

"ఏడోసారి అన్నయ్యా. ఏటా ఒకటి తగ్గిస్తావు" అన్నాడు చిన్నోడు, మిషను మీంచి తలెత్తకుండా.

అందరూ నవ్వారు. నాన్నా నవ్వాడు.

ఆ కథకి రెండో సగం ఉంది, దాన్ని బాబాయి చెప్పేవాడు కాదు. అది జరిగిన పదకొండేళ్లకి చిన్నోడు వ్యాను నడుపుతూ కునికిపాటు పడ్డాడు. వ్యాను కల్వర్టు గోడని గుద్దింది. పక్క సీట్లో ఉన్న బాబాయి భార్య పోయింది. చిన్నోడికి కాలు విరిగింది. వాడి మొహం చూడొద్దన్నారు బంధువులంతా. బాబాయి మూడు వారాల తర్వాత ఆసుపత్రికి వెళ్లి వాణ్ణి ఇంటికి తెచ్చుకున్నాడు. ఒకసారి క్షమించినవాడు మళ్లీ మొదటికి రాకూడదు అన్నాడట.

ఓట్ల లెక్క అయ్యాక మందుల షాపాయన జేబులోంచి ఫోను తీశాడు.

"ఇప్పుడు అసలు సంగతి. దొరికింది."

"ఏది?"

"కంచం! ఎవరో పాత పెట్టెలో ఉన్న ప్రింటుని కంప్యూటర్లోకి ఎక్కించారట. మా మేనల్లుడు పట్టుకున్నాడు. ఇదిగో, ఇందులో ఉంది. నేనింకా చూళ్లేదు, ఒట్టు. చూస్తే అందరం కలిసే చూడాలి."

మిగతా అన్ని ఊళ్లలోనూ రెండు వారాలకే తీసేసిన సినిమా అది. టీవీలో కూడా ఎప్పుడూ రాలేదు. మాస్టారు లేచి నిలబడ్డారు. బడికి సెలవులు కాబట్టి పై ఆదివారం ఉదయం బడి హాల్లో తెర మీద వేయిద్దామన్నారు. బాబాయి కత్తెర బల్ల మీద పెట్టి రెండు చేతులూ తుడుచుకున్నాడు.

"చిన్నోడా, నీకు కొత్త చొక్కా కుడతానురా."

"ఫోన్లో దొరికేవి ఏం బాగుంటాయి? బొమ్మంతా మసకగా ఉంటుంది" అన్నాడు నాన్న.

"మనం వేస్తే ఆపరేటర్ గారికి నచ్చదులెండి" అన్నాడు మందుల షాపాయన. "ఆయన చేత్తో ఆయనే వేయాలి."

ఇంటికొచ్చాక నాన్న చెప్పులు విప్పకుండా కూర్చున్నాడు.

"ఆయన ఫోన్లోంచి దాన్ని తీసేయడానికి వీలవుతుందా?" అని అడిగాడు నన్ను.

ఎందుకన్నాను. అమ్మ పక్కన బట్టలు మడత పెడుతోంది. నాన్న నేల వైపు చూస్తూ చెప్పాడు.

అప్పట్లో సినిమా రేకు డబ్బాల్లో వచ్చేది. కంచం సినిమాకి పన్నెండు రీళ్లు. ఏ సినిమాకైనా విడుదల రోజు ఉదయం ఎవరూ రాకముందే నాన్న హాలు తెరిచి, సినిమా మొత్తం ఒక్కడే వేసుకుని చూసేవాడు. ఊరందరికన్నా ముందు చూడాలని. మేనేజరుకి తెలియదు. కంచం వచ్చిన రోజు పదకొండో రీలు నడుస్తుండగా ప్రొజెక్టరు టకటక కొట్టుకుంది. నాన్నకి వినపడలేదు. క్యాబిన్ కిటికీ దగ్గర నిలబడి సినిమాలో మునిగిపోయి ఉన్నాడు. రీలు అయ్యాక తీసి చూస్తే ఫిల్ము అంచున ఉండే చిల్లులు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చిరిగి ఉన్నాయి. ఇక అది నడవదు. చెబితే ఉద్యోగం పోతుంది.

"పదో దాని తోకకి పన్నెండో దాని తల అతికేశా" అన్నాడు. "ఆ ఒక్క ఆటకే అనుకున్నా. చిరిగినదాన్ని డబ్బాలో పెట్టేశా. ఆట వదిలాక జనం కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చారు. మర్నాడు రెట్టింపు మంది వచ్చారు. పది వారాలు ఆడింది. మరే ఊళ్లోనూ ఆడలేదు."

"డబ్బా వెనక్కి వెళ్లాక ఎవరూ అడగలేదా?" అన్నాను.

"ఆడని సినిమాని ఎవడు విప్పి చూస్తాడు?"

"మీకేం అనిపించింది అప్పుడు?"

నాన్న చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. "నేను తీసిన సినిమా అనిపించింది."

"ఒక ముక్క తీసేస్తే ఏం కొంప మునిగింది?" అంది అమ్మ. "మీ స్నేహితుడు మాత్రం? రెండున్నర మీటర్ల గుడ్డ ఇస్తే ఎప్పుడైనా ముక్క వెనక్కిచ్చాడా?"

నేను నవ్వాను. నాన్న నవ్వలేదు. ఆ రీల్లో ఏముందని అడిగాను.

"అన్న తలుపు వేసేస్తాడు."

"తర్వాత?"

"తమ్ముడు మూడు రోజులు అరుగు మీదే కూర్చుంటాడు. అన్న తీయడు. నాలుగో రోజు తమ్ముడు కాలవలో దొరుకుతాడు. కంచం ముందు ఉన్నది తమ్ముడు కాదు. ఉన్నాడని అన్న అనుకుంటున్నాడు, అంతే."

"అందుకని తినడు."

"అందుకని తినడు."

అమ్మ మడత పెడుతున్న దుప్పటి ఒళ్లో పెట్టుకుని ఉండిపోయింది. ఊళ్లో అందరిలాగే తను కూడా ఆ సినిమా చూసింది.

ఆదివారం లోపు బాబాయికి చెప్పేయమన్నాను. ముప్పై ఎనిమిదేళ్ల నాటి సంగతి, విని నవ్వుకుంటారు అన్నాను. అప్పుడు నేను నిజంగా అలాగే అనుకున్నాను. మనిషి రక్తం గాజుపలక మీద పెట్టి చూసే పని నాది. బెంచీకి ఎదురుగా మిషను మీద కూర్చున్న మనిషిని మాత్రం చూడలేదు.

గురువారం నాన్న చెప్పడానికే వెళ్లాడు. దారిలో మాటలు కూడబలుక్కున్నాడు. షాపులో అప్పటికి ఇంకెవరూ రాలేదు. చిన్నోడు చేతులు చాపి నిలబడి ఉన్నాడు. బాబాయి కొలత తీస్తున్నాడు.

"పొట్ట లోపలికి లాగకురా. నిన్ను పెళ్లిచూపులకి పంపట్లేదు."

"పంపినా ఎవరొస్తారులే అన్నయ్యా."

"ఒరేయ్, ఒక మాట" అన్నాడు నాన్న.

"చెప్పరా."

"ఆ సినిమా గురించి."

"కథ చెప్పావంటే కత్తెర విసురుతా. సగం మర్చిపోయాన్రా. అది ఎంత అదృష్టమో తెలుసా? మళ్లీ కొత్తగా చూడొచ్చు."

"ఒకవేళ నచ్చకపోతే?"

బాబాయి టేపు మెడలో వేసుకుని నాన్న వైపు తిరిగాడు. "నా బతుకంతా దాని మీదే కుట్టుకున్నా. నచ్చకపోవడమేంట్రా, నీ మొహం."

నాన్న బెంచీ మీద కూర్చున్నాడు. కాసేపటికి, గుడ్డ రంగు బాగుంది అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు, రేపు చెబుతా అన్నాడు. శుక్రవారం ఒళ్లు వెచ్చగా ఉందని పడుకున్నాడు. నేను చెయ్యి పట్టి చూశాను. జ్వరం లేదు. శనివారం ఆ ఊసే ఎత్తలేదు. నేనైనా వెళ్లి చెప్పి ఉండొచ్చు. వెళ్లలేదు.

ఆదివారం ఉదయం బడి హాల్లో పదహారు మందిమి. కిటికీలకి మాస్టారు చార్టులు అంటించి చీకటి చేశారు. ముందు వరసలో బాబాయి, పక్కన కొత్త చొక్కాలో చిన్నోడు. వాళ్ల వెనక నాన్న, నేను. అమ్మ రానంది.

బొమ్మ బాగానే ఉంది. జనం మాటలు ముందే చెప్పేస్తున్నారు. దొంగసంతకం సీన్లో ఎవరో, వద్దురా వెధవా అని అరిస్తే మందుల షాపాయన, చెబితే వింటాడా, అప్పుడూ వినలేదు అన్నాడు. అందరూ నవ్వారు. తమ్ముడు గుమ్మంలోకి వచ్చాడు. అన్న చెయ్యి తలుపు మీద ఉంది.

"ఇప్పుడు కంచం" అన్నారు వెనక ఎవరో.

అన్న తలుపు వేశాడు.

"ఇదేంటి?" అన్నాడు మందుల షాపాయన. మాస్టారు ఉష్ అన్నారు. ఆ తర్వాత పది నిమిషాలకి పైగా ఎవరూ మాట్లాడలేదు. నేను తెర వైపు చూడలేదు. ముందున్న ఇద్దరినీ చూశాను. అరుగు మీద రెండో రోజు చూపిస్తున్నప్పుడు చిన్నోడు ఎడమ మోకాలు మీద చెయ్యి వేసుకున్నాడు. కాలవ సీనులో బాబాయి కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత కంచం వచ్చింది. అన్న సగం అవతలి వైపు జరిపాడు. ఎవరూ ఏడవలేదు. కిటికీ మూసుకుంది.

దీపాలు వెలిగాక మొదట మందుల షాపాయనే లేచాడు.

"ఇది వేరే ప్రింటండీ. ఎవడో మధ్యలో కలిపాడు. ఈ కాలంలో ఏదైనా కలుపుతారు. మా మేనల్లుణ్ణి అడుగుతా ఉండండి."

అతను మంచికే అన్నాడు. నాన్న అవునంటే సరిపోయేది. అందరూ నమ్మడానికి సిద్ధంగా ఉన్నారు. బాబాయి కుర్చీలోనే వెనక్కి తిరిగాడు.

"ఈ ముక్క మన హాల్లో ఎందుకు లేదురా?"

"చిరిగింది" అన్నాడు నాన్న.

"ఎప్పుడు?"

"విడుదల రోజు పొద్దున. ఆటకి ముందు."

"అంటే నువ్వు చూశావు."

"చూశా."

బాబాయి తలాడించాడు. కొలత విన్నాక తలాడించినట్టే ఆడించాడు. లేచి, కుర్చీని గోడ వారకి జరిపాడు.

"పదరా చిన్నోడా. షాపు తాళంచెవి నా దగ్గరుంది."

మర్నాడు నాలుగింటికి నాన్న షాపుకి వెళ్లాడు. నేను వద్దన్నాను, వినలేదు. తోడు వెళ్లాను. బాబాయి మిషను మీద ఉన్నాడు.

"రండి. కూర్చోండి" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఒరేయ్ అని పిలిచిన మనిషి. నాన్న బెంచీ మీద కూర్చున్నాడు. మిషన్లు నడుస్తూ ఉన్నాయి. మందుల షాపాయన వచ్చి గుర్రపుబండి సినిమా ఎత్తాడు. బాబాయి, అర్జెంటు పని ఉందండీ, ఏమీ అనుకోకండి అన్నాడు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఇప్పుడైతే ఆ సినిమా ఇంకా గొప్పది, తలుపు వేస్తే ఏం పోతుందో చూపించింది, క్షమించమనే కదా చెబుతోంది, మీరు చేసిందే సరైందని కదా అర్థం అన్నారు. బాబాయి దారం పళ్లతో తెంపి, మీకు తెలియనిదేముంది మాస్టారూ అన్నాడు. మూడో రోజు వెళ్లేసరికి బెంచీ మీద గుడ్డల మూటలు పెట్టి ఉన్నాయి. వాటిని జరపమని ఎవరూ అనలేదు. నాన్న గుమ్మంలో కాసేపు నిలబడి వచ్చేశాడు.

ఆ తర్వాత నాన్న నాలుగింటికి చొక్కా మార్చుకుని ముందు గదిలో కూర్చునేవాడు. ఆరింటికి విప్పేసేవాడు. అమ్మ మూడు రోజులు చూసి, ఆ చొక్కాని ఉతకడానికి తీసుకుపోయి దాచేసింది.

రెండు వారాలకి, నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చిన్నోడు మా ఇంట్లో ఉన్నాడు. కుర్చీ ఉండగా కింద కూర్చున్నాడు.

"పైన కూర్చో చిన్నబాబాయ్" అన్నాను.

"ఇక్కడ బాగుందమ్మా." నాన్న వైపు తిరిగాడు. "అన్నా, నీకు దణ్ణం పెట్టుకుందామని వచ్చా. ఎవరూ నీతో ఈ మాట అనరు. నేనైనా అనాలి కదా."

"ఏ మాట?"

"ఆ రీలు వేసుంటే ఆ రోజు తలుపు పడేది. నేను మూడు రోజులు కూర్చునే రకం కాదు. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. కాలవ దాకా కూడా వెళ్లను, వీధి చివరి బావి చాలు. నువ్వు అతికావు కాబట్టి బతికా."

నాన్న అతని ఎడమకాలి వైపు చూశాడు.

"మీ వదిన?" అన్నాడు.

"వదిన ఉండేది." చిన్నోడు కాలు సవరించుకున్నాడు. "అదీ ఆలోచించా అన్నా. ఆలోచించకుండా ఉంటానా?"

"వాడేమంటున్నాడు?"

"ఏమీ అనడు. అదే కదా. ఒక్క తిట్టు తిట్టినా బాగుండు. ఎప్పట్లాగే కంచం పెడతాడు. పెట్టి, నేను తింటున్నానా లేదా అని చూస్తూ కూర్చుంటాడు."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. ఉండు, అన్నం పెడతాను అంది. చిన్నోడు నవ్వి, వద్దు వదినా అన్నాడు. కొద్ది రోజులకి, ఒక శుక్రవారం ఉదయం, ఒక సంచి పట్టుకుని బస్సెక్కాడని మందుల షాపాయన చెప్పాడు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. వెళ్లమని ఎవరూ అనలేదు.

నేను బాబాయి దగ్గరికి వెళ్లాను. రెండో మిషను మీద పాత పంచె కప్పి ఉంది. బాబాయి గుండీలు కుడుతున్నాడు. గుండీలు చిన్నోడి పని.

"కూర్చో అమ్మాయ్. ల్యాబుకి వెళ్లలేదా?"

"వెళ్లొచ్చాను బాబాయ్. నాన్న సరిగ్గా తినట్లేదు. ఒక్కసారి రండి. వచ్చి నాలుగు తిట్టి వెళ్లండి."

"తిట్టడానికి నాకు మీ నాన్న మీద కోపం లేదే. కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది."

"మరి?"

సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాడు.

"మాస్టారు చెప్పింది నిజమే అమ్మాయ్. ఆ సినిమా కూడా క్షమించమనే చెబుతుంది. కానీ అందులో అతను తలుపు వేశాడు. అంత మంచివాడు, దేవుడి లాంటివాడు, వేసేశాడు. నేను ఆ సాయంత్రం వీణ్ణి చూసినప్పుడు నాకూ వేసేయాలనే ఉంది. వీడి గొంతు వినపడకుండా గడియ పెట్టుకుని పడుకోవాలనిపించింది. మధ్యాహ్నమే చూసొచ్చానే, ఆయన కంచం పెట్టాడు, నాకేంటి ఇంత పాపిష్టి బుద్ధి అనుకున్నా. మా ఆవిడ పోయినప్పుడూ అదే అనుకున్నా. ముప్పై ఎనిమిదేళ్లు నన్ను చూసి నేనే సిగ్గుపడ్డా. తలుపు వేయొచ్చని నాకు తెలీదమ్మా."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు.

"మీ నాన్నకి తెలుసు. నేను ఏటా ఈ కథ చెబుతుంటే నా ఎదురుగా కూర్చుని నవ్వాడు."

"ఆయన చెప్పాలనుకున్నారు బాబాయ్. ఆ గురువారం..."

"తెలుసు. నేనే కత్తెర విసురుతా అన్నా." నవ్వబోయి మానేశాడు. "ఇప్పుడొచ్చి నేనేం మాట్లాడను? సినిమాల గురించి తప్ప మేమిద్దరం ఎప్పుడూ ఏమీ మాట్లాడుకోలేదు. మా ఆవిడ పోయిన రోజు కూడా వాడొచ్చి పక్కన కూర్చుని వేరే సినిమా గురించి చెప్పాడు. నాకు అదే ఓదార్పు అయింది. ఇప్పుడు ఏది ఎత్తినా, ఇందులో ఏం తీశావురా అనే అడగాలి."

గుండీ తీసి మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. నేను లేచాను. నాన్నని జాగ్రత్తగా చూసుకోమ్మా అన్నాడు. ఆ మాట ఎవరితోనైనా అనేదే.

ఇంటికొచ్చి నాన్నకి ఏమీ చెప్పలేదు. నాన్న అడగలేదు.

వానలు మొదలయ్యాయి. మొదటి వారంలో మందుల షాపాయన గొడుగు వేసుకుని మా ఇంటికి వచ్చాడు. బెంచీ తన షాపు ముందుకి మార్చామన్నాడు. మాస్టారు వస్తున్నారు, ఇంకో ఇద్దరు కొత్తగా చేరారు. ఎనభై ఐదు వదిలేశాం, ఇక నుంచి ఎనభై ఆరు అన్నాడు.

"ఎనభై ఆరు మొత్తం మీ చేతుల మీదే కదా ఆడింది. మీరు లేకపోతే మాకు తేదీలు కూడా తేలట్లేదు. రేపటి నుంచి రావాలి. అమ్మాయ్, నువ్వు తీసుకురా."

"వాడొస్తున్నాడా?" అని అడిగాడు నాన్న.

"లేదండీ. పనుందంటాడు."

అమ్మ టీ తెచ్చింది. మందుల షాపాయన రెండు గుక్కలు తాగాడు. వాన గురించి మాట్లాడాడు, తన మోకాళ్ల గురించి మాట్లాడాడు. గ్లాసు కింద పెట్టి, అటూ ఇటూ చూశాడు.

"ఆపరేటర్ గారూ, ఊరికే అడుగుతున్నా. ఏమీ అనుకోరుగా? ఆ ఎనభై ఆరులో పడవ సినిమా ఉంది చూడండి. చివర్లో ఆ పాప ఒడ్డు చేరిందో లేదో చూపించరు. నిన్నంతా అదే తగువు మాకు. అది... సినిమా అంతేనా?"

"అంతే" అన్నాడు నాన్న. "పద్నాలుగు రీళ్లు. పద్నాలుగూ వేశాను."

"ఆహా, అదే. నేనూ అదే అన్నా మాస్టారితో."

మిగిలిన టీ తాగకుండా లేచి గొడుగు విప్పుకున్నాడు. గేటు వేసి వెళ్లాడు. అమ్మ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. నేను ఫోను తీసి పడవ సినిమా పేరు కొట్టాను. ఎంతసేపు ఉంటుందో చూద్దామని అంతే. తలెత్తేసరికి, సరిగ్గా చూపు ఆనని నాన్న నా చేతి వైపే చూస్తున్నాడు.